మణికట్టు తనిఖీ

"మీ చెల్లెల్ని రేపు కాల్చేస్తారట," అన్నాడు చీఫ్, బిస్కెట్టును టీలో ముంచుతూ.

బిస్కెట్టు మెత్తబడి, విరిగి కప్పులో పడిపోయింది. చీఫ్ ముఖంలో బాధ కనిపించింది. అది బిస్కెట్టు గురించి.

ఎదురుగా నిలబడ్డ మనిషిని డిపార్ట్‌మెంట్‌లో ఏజెంట్ కాకర అంటారు. ఆ కోడ్‌నేమ్ పెట్టినవాడెవడో గానీ అతని నోటి సంగతి బాగా తెలిసే పెట్టాడు. ఇరవై ఏళ్ల సర్వీసులో కాకర ఎవరినీ మెచ్చుకున్న పాపాన పోలేదు, ఒక్క చెల్లెల్ని తప్ప. ఆ చెల్లెలు రెండేళ్లుగా నది అవతలి దేశంలో జైల్లో ఉంది.

"రేపు ఎక్స్‌ఛేంజ్ కదా సార్," అన్నాడు. "వంతెన మీద వాళ్ల గూఢచారిని మనం వదులుతాం, మా చెల్లిని వాళ్లు వదులుతారు. ఒప్పందం మీద సంతకం పెట్టింది మీరే."

"పెట్టాను. ఫొటోలు కూడా బాగా వచ్చాయి." చీఫ్ చెంచాతో కప్పులో బిస్కెట్టు ముక్క కోసం గాలిస్తున్నాడు. "కానీ మన ఏజెంట్ 'గొంతు' నుంచి సిగ్నల్ వచ్చింది. వాళ్ల మనిషి అవతలి ఒడ్డు చేరగానే మీ చెల్లెల్ని షూట్ చేస్తారు. జైలు తిండి తిన్న మనిషి కాబట్టి అప్పటికింకా వంతెన మీదే ఉంటుందని వాళ్ల లెక్క. కాల్చింది మనమేనని రేడియోలో చెప్పేస్తారు. ప్లాన్ 'ఏకకాలం' ముఠాది."

ఏకకాలం అంటే అవతలి దేశపు రహస్య విభాగం. దానికి పెద్ద ఒక కల్నల్.

"ఒక్కటే అర్థం కావట్లేదోయ్," అన్నాడు చీఫ్. "ఒప్పందంలో మనం పన్నెండింటికి అని రాశాం. వాళ్లు మూడింటికి అని రాశారు. అంటే మనవాళ్లు ఎండలో మూడు గంటలు పడిగాపులు పడాలా?"

కాకర కళ్లు మూసుకున్నాడు. ఇలాంటి బుర్రల చేతుల్లో పడింది చెల్లెలి ప్రాణం.

"అక్కర్లేదు సార్. మన పన్నెండే వాళ్లకి మూడు. గుమ్మడికాయ చూశారా ఎప్పుడైనా?"

"చూడకేం?"

"తొడిమ నుంచి అడుగు దాకా నిలువు చారలుంటాయి. భూమిని కూడా అలాగే ఇరవై నాలుగు ముక్కలు అనుకోండి. రోజుకో చుట్టు తిరుగుతుంది కాబట్టి పొద్దు ఒక్కో ముక్క దాటడానికి ఒక గంట. తూర్పువాళ్లకి ముందు తెల్లారుతుంది, పడమటివాళ్లకి తర్వాత. పూర్వం ఏ ఊరికి ఆ ఊరి టైమే. ఎవరి నెత్తిమీదికి పొద్దొస్తే వాళ్లకి మధ్యాహ్నం. రైళ్లొచ్చాక అది కుదరలేదు. పక్కపక్క స్టేషన్లలో రెండు టైములుంటే బళ్లు గుద్దుకుంటాయి. అందుకని ముక్క మొత్తానికి ఒకే టైమన్నారు. గీతలు తిన్నగానే గీద్దామనుకున్నారు. తర్వాత ప్రభుత్వాలు చెయ్యి పెట్టాయి. ఒకడు మా జిల్లా ఇటుండాలన్నాడు, ఇంకొకడు మా దీవి అటుండాలన్నాడు. ఇప్పుడా మ్యాపు చూస్తే మొండి కత్తితో కోసిన కాయలా ఉంటుంది."

"ఇదంతా నీకెలా తెలుసు?"

"మా చెల్లి చెప్పింది. దాని ఉద్యోగమే అది."

ఆమె రైల్వే టైమ్‌టేబుల్ ఇంజినీరు. అవతలి దేశం నాలుగు ముక్కల మీద పరుచుకుని ఉంటుంది. న్యాయంగా నాలుగు టైములుండాలి. కానీ వాళ్ల మహానాయకుడికి తను నిద్రలేచినప్పుడు దేశమంతా లేవాలనిపించింది. తూర్పు కొసనున్న రాజధాని టైమునే దేశం మొత్తానికీ రుద్దాడు. పడమటి సరిహద్దులో గడియారం తొమ్మిది కొడితే గానీ పొద్దు పొడవదు. పిల్లలు చీకట్లో బడికి పోతారు. రైళ్లు సరిగ్గా నడవట్లేదని ఆమెను సలహాకు పిలిపించుకున్నారు. నిండు మీటింగులో ఆమె, "మీ సర్క్యులర్ సూర్యుడికి అందినట్టు లేదండీ," అంది. ఆ సాయంత్రమే అరెస్టు చేశారు.

అది పైకి చెప్పిన కారణం. అసలు సంగతి వేరు. వాళ్లిచ్చిన టైమ్‌టేబుల్లో సరిహద్దు దాకా వచ్చి తిరిగి వెళ్లని రైళ్లు కొన్ని ఆమె కంట పడ్డాయి. సైన్యం తప్ప అలా ఎవరూ ప్రయాణం చేయరు. ఏ రైలు ఎప్పుడు ఎక్కడికొస్తుందో అంతా ఆమె తలలో ఉంది. ఏకకాలానికి తమ గూఢచారీ కావాలి, ఆ తలా నోరు విప్పకూడదు.

"షూటర్ వంతెన దగ్గర గడియార స్తంభంలో ఉంటాడు," అన్నాడు చీఫ్. "బెల్ మోగితేనే కాలుస్తాడు. బెల్ బటన్ కల్నల్ టేబుల్ మీద ఉంది. నువ్వు దాన్ని మోగనివ్వకూడదు. ఇంకోమాట. వాళ్ల గడ్డ మీద నువ్వు తుపాకీ పేల్చకూడదు, ఎవరినీ కొట్టకూడదు. ఒప్పందం ఉల్లంఘించినట్టవుతుందని విదేశాంగం వాళ్లు మరీమరీ చెప్పారు."

"బతిమాలొచ్చా సార్?"

చీఫ్ నిజంగానే ఆలోచించాడు. "ఆ, దానికి అభ్యంతరం ఉండదు."

గాడ్జెట్ సెక్షన్ వాళ్లు ఒక గొడుగిచ్చారు. పిడిలో ట్రాన్స్‌మిటర్ ఉందన్నారు. నొక్కితే సినిమా పాటలొచ్చాయి. కాకర దాన్ని వాళ్ల టేబుల్ మీదే వదిలేశాడు. మారువేషం మాత్రం తనే ఎంచుకున్నాడు. బూడిదరంగు కోటు, రేకు బ్యాడ్జి, కంటికి పెట్టుకునే భూతద్దం. అవతలి దేశంలో జనం పోలీసులకన్నా ఎక్కువగా భయపడే ఉద్యోగి ఒకడున్నాడు. గడియారాల ఇన్‌స్పెక్టర్. దేశంలో ప్రతి గడియారమూ రాజధాని టైమే చూపిస్తోందా లేదా అని తనిఖీ చేయడమే వాడి పని.

మర్నాడు పొద్దున పదిన్నర పడవలో నది దాటాడు.

కాగితాలు ఎవరూ అడగలేదు. రేవులో పోలీసు అతని కోటు చూసి, వెంటనే తన వాచీ చూసుకుని, సెల్యూట్ కొట్టాడు. వీధిలోకి అడుగుపెట్టగానే మనుషులు గోడవారకి తప్పుకున్నారు. కాకరకి ఒళ్లు మండింది. ఇంత భయం పోగేసి వీళ్లు సాధించింది ఏమిటయ్యా అంటే, పట్టపగలు పదకొండింటిని మధ్యాహ్నం రెండు అనిపించడం.

వేషం పనిచేస్తోందో లేదో చూసుకోవాలి. ఒక టీ దుకాణంలోకి వెళ్లి, ఇన్‌స్పెక్టర్లు ఎప్పుడూ అరిచే ఆ ఒక్క మాట అన్నాడు.

"మణికట్టు!"

దుకాణంలో ఉన్న ప్రతివాడి ఎడమ చెయ్యీ లేచింది. వాచీ ఉన్నవాడు వాచీ చూపించాలి, లేనివాడు బోడి చెయ్యి చూపించాలి. గదిలో ఒక్క చెయ్యి లేవకపోయినా, ఒక్క వాచీ తప్పుగా ఉన్నా, గదిలో అందరికీ ఒకటే శిక్ష. అదీ అక్కడి చట్టం. మూలన కూర్చున్న ఒక తల్లి తన చేతితో పాటు చంకలోని పసివాడి చెయ్యి కూడా ఎత్తి పట్టుకుంది.

కాకర ఆ పసిచేతిని చూసి చూపు తిప్పేసుకున్నాడు. ఆ కోటు వేసుకున్నందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

గోడ మీద మహానాయకుడి ఫొటో వెనక నుంచి టిక్కుటిక్కుమని చప్పుడు వినిపిస్తోంది. అక్కడ ఇంకో గడియారం దాచారు. పొద్దు టైమ్ చూపించే గడియారం. ఆ ఊళ్లో ప్రతి ఇంట్లోనూ అలాంటిదొకటి ఉంటుందని చెల్లెలు ఎప్పుడో ఉత్తరంలో రాసింది. దుకాణం యజమాని ముఖం మీంచి చెమట ధారలు కడుతోంది.

"నాకు కాస్త చెవుడు," అన్నాడు కాకర అతనితో, బయటికి వెళుతూ.

వంతెన దగ్గరి హోటల్ లాంజ్‌లో నల్ల కళ్లద్దాలు, మోచేతుల దాకా ఎర్ర గ్లోవ్స్ వేసుకున్న ఒకావిడ పళ్లరసం తాగుతోంది. ఆ దేశంలో ఆవిడ ముఖం తెలియనివాళ్లున్నారు గానీ గొంతు తెలియనివాళ్లు లేరు. రేడియోలో గంటగంటకీ టైమ్ చెప్పేది ఆవిడే. ఎక్స్‌ఛేంజ్‌ని లైవ్‌లో వినిపించడానికి రాజధాని నుంచి వచ్చింది. చీఫ్ చెప్పిన 'గొంతు' ఆవిడే, రెండు దేశాలకీ ఏజెంటు.

"నా గడియారం ఆగిపోయిందండీ, చూస్తారా?" అంది. అది కోడ్.

"ఆగినవాటి జోలికి పోను. పరిగెత్తేవాటినే పట్టుకుంటాను," అన్నాడు కాకర. అదీ కోడే. ఎదురుగా కూర్చున్నాడు. "తొందరగా చెప్పండి."

"కల్నల్ ఎడమ చేతికి ఫారిన్ వాచీ ఉంటుంది. కిందటేడు పుట్టినరోజుకి నేనే ఇచ్చాను. పక్కనున్న పిన్ను నొక్కితే పై డయల్ మూతలా లేస్తుంది. అడుగున ఇంకో డయల్. అందులో మీ దేశపు టైమ్."

"అతనికెందుకు మా టైమ్?"

"మీ దేశంలో ఉన్న తన మనుషుల్ని నడపాలిగా. మూడు తీసేసి లెక్కేసుకోవడానికి బద్ధకం."

"రెండో టైమ్ పెట్టుకున్నందుకు జనాన్ని జైల్లో వేయించేది ఇతనే కదా?"

"అవును. అయితే ఏంటి?" ఆవిడకి అందులో వింతేమీ కనిపించలేదు.

"మీరు ఎవరి వైపు?"

"ఇద్దరి వైపూనండి. ఒక్కరి జీతంతో ఈ గ్లోవ్స్ రావు."

"నేనొస్తున్నానని అతనికి చెప్పారా?"

ఆవిడ చిన్నగా నవ్వి, గ్లాసు కింద పెట్టి, మైకు దగ్గరికి వెళ్లిపోయింది.

కల్నల్ గది వంతెన పక్కనున్న కస్టమ్స్ ఆఫీసు మేడ మీద ఉంది. పెద్ద కిటికీ. కిటికీ ముందు టేబుల్. టేబుల్ మీద నల్ల బటన్. తలుపు దగ్గర ఇద్దరు గార్డులు, ఒక హవల్దారు. గోడ గడియారం మూడుకి దగ్గర పడింది. కిందనుంచి లౌడ్‌స్పీకర్‌లో ఎర్ర గ్లోవ్స్ ఆవిడ మాటలు గదిలోకి వినిపిస్తున్నాయి.

"రండి ఇన్‌స్పెక్టర్ గారూ," అన్నాడు కల్నల్, గంజి పెట్టిన చొక్కా చేతులు సవరించుకుంటూ. "లేకపోతే ఏజెంట్ కాకర అని పిలవమంటారా?"

అమ్మేసింది. తనని కల్నల్‌కి, కల్నల్‌ని తనకి, ఒకే పూట ఇద్దరినీ అమ్మేసింది. కాకరకి కోపం రాలేదు. అంత తీరిక లేదు.

"హవల్దార్, వీడు శత్రువుల గూఢచారి. తుపాకులు ఎక్కుపెట్టండి. పని అయ్యాక కిందికి తీసుకెళ్లి లోపలెయ్యండి." కల్నల్ కిటికీ వైపు చెయ్యి చూపించాడు. "అప్పటిదాకా చూడనీ. వాళ్ల చెల్లెలేగా."

ఎక్స్‌ఛేంజ్ మొదలైపోయింది. వాళ్ల గూఢచారి ఇటువైపు దాదాపు పరిగెత్తుకుంటూ వస్తున్నాడు. చెల్లెలు అటువైపు వెళుతోంది. జైలువాళ్ల బూడిదరంగు స్వెట్టర్ భుజాల మీంచి జారిపోతోంది. ఎంత చిక్కిపోయిందో! రెయిలింగ్ పట్టుకుని నెమ్మదిగా నడుస్తోంది. వంతెన మధ్యలో ఆగి, కిందికి వంగి నీళ్లు చూసింది.

'నడువే తల్లీ, నది ఎక్కడికీ పోదు,' అనుకున్నాడు కాకర.

గూఢచారికి ఒడ్డు ఇంకో పది అంగలుంది. కాకర వీపుకి రెండు తుపాకులు ఆనుకుని ఉన్నాయి. అతను గొంతు సవరించుకున్నాడు.

"మణికట్టు!"

ఆ మాటకి ఆ దేశంలో ఆలోచించి స్పందించేవాడు లేడు. గార్డులిద్దరి ఎడమ చేతులూ లేచాయి. చేతులు లేచేసరికి తుపాకులు కిందికి వాలాయి. హవల్దారు చెయ్యీ లేచింది. వాళ్ల వాచీలు మూడూ రాజధాని టైమే చూపిస్తున్నాయి.

కల్నల్ పగలబడి నవ్వాడు. "గాడిదల్లారా! వీడు ఇన్‌స్పెక్టరే కాదు. చేతులు దించండి!"

"హవల్దార్," అన్నాడు కాకర విసుగ్గా, అచ్చం ఇన్‌స్పెక్టర్లలాగే. "గదిలో ఒక చెయ్యి తక్కువైంది. ఒక చెయ్యి తగ్గితే ఏమవుతుందో నీకు ఎవరైనా చెప్పారా?"

హవల్దారుకి ఎవరూ చెప్పనక్కర్లేదు. అతనిది ఆ ఊరే. అతని మేనమామ మంగలి దుకాణంలో అద్దం వెనక ఒక పొద్దు గడియారం దొరికింది. ఆ పూట దుకాణంలో ఉన్నవాళ్లందరినీ లారీ ఎక్కించారు. క్షవరానికొచ్చిన అతని తండ్రిని కూడా, సగం గడ్డంతోనే. మళ్లీ రాలేదు.

"సార్," అన్నాడు హవల్దారు కల్నల్‌తో. "ఒక్కసారి చూపించేయండి సార్. చూపిస్తే అయిపోతుందిగా."

"నన్నే అడుగుతావట్రా?"

"అడగకపోతే మేం ముగ్గురం పోతాం సార్."

కింద జనం చప్పట్లు కొట్టారు. గూఢచారి ఒడ్డెక్కాడు. లౌడ్‌స్పీకర్‌లో తీయటి గొంతు, "ఇప్పుడు దేశమంతటా సమయం మూడు గంటలు," అంది. చెల్లెలు ఇంకా వంతెన మీదే ఉంది.

కల్నల్ ఎడమ చెయ్యి వీపు వెనక పెట్టుకుని, కుడి చెయ్యి బటన్ మీదికి చాపాడు.

అలా చెయ్యి దాచుకోకుండా ఉండాల్సింది. దాచుకునేవాళ్లని ఎలా పట్టుకోవాలో హవల్దారుకి ట్రైనింగిచ్చింది ఆ కల్నలే. హవల్దారు ఒక్క ఉరుకున మీదపడి, రెండు చేతులూ ఒడిసిపట్టి, టేబుల్ మీదికి బోర్లా వంచాడు. కల్నల్ చూపుడువేలు బటన్‌కి గోరంత దూరంలో ఆగి గిలగిలలాడింది.

కాకర తాపీగా వచ్చి వాచీ పక్కనున్న పిన్ను నొక్కాడు. మూత లేచింది. అడుగు డయల్ మీద రెండు ముళ్లూ ఒకదాని మీద ఒకటి నిలువుగా నిలబడి ఉన్నాయి.

"పన్నెండు," అన్నాడు హవల్దారు.

ఆ క్షణంలో తమ తమ ఇళ్లల్లో, ఫొటోల వెనక, బియ్యం డబ్బాల్లో దాచిన గడియారాలు కూడా పన్నెండే కొడుతున్నాయని హవల్దారుకీ, గార్డులిద్దరికీ తెలుసు.

"ఇది డ్యూటీ వాచీరా!" అరిచాడు కల్నల్, చెంప టేబుల్‌కి అణిగి ఉండగా. "ఆపరేషన్ కోసం పెట్టుకున్నది!"

"రూల్లో డ్యూటీ వాచీ అని లేదు సార్. మహానాయకుడికైనా ఒకటే టైమ్ అని మాకు క్లాసు చెప్పింది మీరే."

"నా సంగతి తర్వాత! ముందు వాణ్ని పట్టుకోండి! వాడు గూఢచారి!"

హవల్దారు తలెత్తి కాకర వైపు చూశాడు. కోటు చూశాడు, బ్యాడ్జి చూశాడు, ముఖం చూశాడు. అంతా అర్థమైపోయిందని కాకరకీ అర్థమైంది.

"ఒక్కో కేసూ వరసగా చూద్దాం సార్," అన్నాడు హవల్దారు కల్నల్‌తో. "ముందు మీది."

"వంతెన అవతలి గడియారం కూడా ఒకసారి చూసొస్తాను," అన్నాడు కాకర.

"మంచిది సార్. నిదానంగా చూసుకోండి."

కాకర మెట్లు దిగి వంతెన ఎక్కాడు. స్తంభం మీది కిటికీలో తుపాకీ గొట్టం ఎండకి మెరుస్తోంది. అది కదల్లేదు. బెల్ మోగితే కాల్చమన్నారు, మోగలేదు, కాల్చలేదు. ఆ దేశంలో వాడంత విధేయుడు ఇంకొకడు ఉండడు. ఆ విధేయతని జీవితమంతా అసహ్యించుకున్న కాకర, దానికి వీపు అప్పగించి నడిచాడు. వంతెన మధ్యలో పసుపు గీత ఒకటుంది. దాటితే మూడు గంటలు వెనక్కి. ఎండ మాత్రం గీతకి రెండు వైపులా ఒకేలా మాడ్చేస్తోంది.

ఇవతలి ఒడ్డున చెల్లెలు రెయిలింగ్‌కి చేరగిలబడి నిలబడి ఉంది. అతని కోటు చూడగానే చప్పున ఎడమ చెయ్యి ఎత్తింది. అంతలోనే ముఖం గుర్తుపట్టి, ఎత్తిన చేత్తోనే అతని భుజం మీద ఒక్కటి వేసింది.

"ఇదేం వేషం అన్నయ్యా, నా ప్రాణం పోయింది!"

"పోయేదే," అన్నాడు కాకర. ఆ కోటు విప్పి నదిలో పడేశాడు.

"రెండేళ్లూ చిమ్మచీకట్లో లేపి తెల్లారిందనేవాళ్లు," అంది ఆమె. "తెల్లారలేదు అనేదాన్ని. అన్నరోజల్లా తిండి పెట్టేవాళ్లు కాదు."

"ఒక్కసారి ఊఁ అంటే పోయేది కదే!"

"తెల్లారలేదుగా అన్నయ్యా."

కాకర ఆమెని దగ్గరికి తీసుకున్నాడు. ఇరవై ఏళ్లలో అతని కళ్లు చెమర్చడం అక్కడున్న డిపార్ట్‌మెంట్ వాళ్లెవరూ చూడలేదు. ఇప్పుడు చూసి, ఏం చేయాలో తెలియక బూట్లు చూసుకున్నారు.

ఆమె ఒక ఆఫీసర్ని పిలిచి మ్యాపు తెప్పించుకుని, ఏ రైలు ఏ రోజు ఎక్కడ ఆగబోతోందో వరసగా చెప్పడం మొదలుపెట్టింది. చివరి రైలు దాకా ఎక్కడా తడుముకోలేదు. ఇంతలో చీఫ్ పూలగుచ్ఛంతో, వెనక ఫొటోగ్రాఫర్లతో వచ్చేశాడు. ఆమె పక్కన నిలబడి, కెమెరా వైపు తిరిగి, పెద్ద గొంతుతో అడిగాడు.

"అమ్మా, ఎంతైనా అక్కడ క్రమశిక్షణ ఎక్కువంటారు. అన్నీ టైముకి జరిగిపోతాయటగా?"

"జరుగుతాయి సార్," అంది ఆమె. "పొద్దొక్కటే లేటు."